ఎత్తు పెంచిన జీపు కుదుపులు: అపోహలు – వాస్తవాలు

థార్, జిమ్నీ, గూర్ఖా, పాత జిప్సీ... ఈ బండ్లు కొన్నవాళ్లలో చాలామంది ఏడాది తిరక్కముందే రెండంగుళాలు ఎత్తు పెంచుతారు, దాని మీద పెద్ద టైర్లు వేస్తారు. బండి చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. నెల తిరిగేసరికి ఇంట్లోవాళ్లు "ఆ బండిలో మేం రాం" అంటారు. పెద్దవాళ్లకు నడుం పట్టేస్తుంది, పిల్లలకు వాంతులవుతాయి. షెడ్డులో అడిగితే "జీపన్నాక కొట్టకుండా ఉంటుందా సార్, అందులోనూ ఎత్తు పెంచారు" అని తేల్చేస్తారు. ఆ మాట తప్పు. దాన్నుంచే మిగతా అపోహలన్నీ పుట్టాయి, బోలెడు డబ్బు వృథా అవుతోంది.

ముందుగా ఒక సంగతి. ఈ బండ్లన్నిటినీ జీపులనే పిలిచినా కింద ఉన్న అమరిక వేరువేరు. 1985లో వచ్చిన జిప్సీకి నాలుగు చక్రాల దగ్గరా కమాన్ పట్టీలే. పాత థార్ సీఆర్‌డీఈకి ముందు టార్షన్ బార్, వెనక పట్టీలు. 2020లో వచ్చిన కొత్త థార్‌కు నాలుగు మూలలా కాయిల్ స్ప్రింగులు. ముందు చక్రాలు దేనికది విడిగా ఆడతాయి, వెనక ఒకే ఇరుసు. 2023లో మన మార్కెట్‌కు వచ్చిన జిమ్నీకి ముందూ వెనకా రెండూ గట్టి ఇరుసులే, కాయిల్ స్ప్రింగుల మీద. అందుకే స్నేహితుడి బండికి కుదిరిన లిఫ్ట్ కిట్టు (ఎత్తు పెంచే సామాను) మీ బండికి కుదరాలని లేదు.

అపోహ: ఎత్తు పెంచితే బండి కొట్టక తప్పదు

వాస్తవం: కొట్టేది ఎత్తు కాదు, చక్రానికి చోటు చాలకపోవడం. బండి నేల మీద నిలబడి ఉన్నప్పుడు ప్రతి చక్రానికీ పైకి వెళ్లడానికి కొంత చోటు, కిందికి దిగడానికి కొంత చోటు ఉండాలి. రాయి ఎదురైతే చక్రం పైకి వెళ్తుంది. గుంత వస్తే కిందికి దిగుతుంది. ఈ రెండూ జరిగినంతసేపు లోపల కూర్చున్నవాళ్లకు పెద్దగా తెలియదు. రెండింట్లో ఏది అయిపోయినా ఆ దెబ్బ నేరుగా ఛాసిస్‌కూ, అక్కడి నుంచి సీటుకూ వస్తుంది.

కిందికి దిగే చోటు సంగతి చాలామందికి తట్టదు. స్ప్రింగు మీద 5 సెంటీమీటర్ల స్పేసరు పెట్టి, కంపెనీ షాకబ్జర్లే ఉంచేశారనుకోండి. స్ప్రింగు గట్టిదనం ఏమీ మారలేదు. కానీ బండి 5 సెంటీమీటర్లు లేచింది కాబట్టి షాకబ్జరు కూడా దాదాపు అంత మేర ముందే సాగిపోయి ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు చక్రం కిందికి జారబోతుంది. షాకబ్జరు చివరిదాకా సాగి "టక్" మని పట్టేస్తుంది. ఆ చప్పుడును చాలామంది బుష్షు పోయిందనుకుంటారు, స్ప్రింగు గట్టిపడిందనుకుంటారు. నిజానికి అది షాకబ్జరు లోపల ముక్కకు ముక్క తగులుతున్న చప్పుడు. కొంతకాలానికి సీలు కారుతుంది, బిగించిన కొక్కెం ఊడుతుంది.

దీన్ని ఇంటి దగ్గరే కొలవచ్చు. టేపు, జాకీ, స్టాండు ఉంటే చాలు. చదునైన చోట బండి నిలిపి, చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచుదాకా కొలిచి రాసుకోండి. తర్వాత ఇరుసు కింద కాకుండా ఛాసిస్ కింద జాకీ పెట్టి, ఆ చక్రం నేలను వదిలే వరకు లేపి మళ్లీ కొలవండి. రెండు కొలతల తేడాయే చక్రం కిందికి దిగే చోటు. అది నాలుగైదు సెంటీమీటర్లు కూడా లేకపోతే మీ కుదుపుకు కారణం దొరికినట్టే. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరొద్దు, స్టాండు తప్పనిసరి.

పైకి వెళ్లే చోటు తెలియాలంటే, షాకబ్జరు రాడ్డు బయటికి కనిపించే బండ్లలో ఆ రాడ్డుకు ప్లాస్టిక్ కేబుల్ టై ఒకటి నెడితేనే జరిగేంత బిగువుగా కట్టి, షాకబ్జరు డబ్బాకు ఆనించి పెట్టండి. రోజూ వెళ్లే దారిలో ఒక చుట్టు తిరిగి రండి. షాకబ్జరు ఎంత నొక్కుకుందో టై అంత పైకి జరిగి ఉంటుంది. అది చివరిదాకా వెళ్లిందంటే చక్రం బంప్ స్టాప్ (పైన అడ్డుగా ఉండే రబ్బరు దిమ్మె) దాకా కొడుతోందన్నమాట. సగం కూడా జరగలేదంటే స్ప్రింగులు మీ బరువుకు మించి గట్టివి.

పొడవాటి షాకబ్జర్లు వేస్తే సరిపోతుందా అంటే, దానికీ ఒక షరతుంది. సాగినప్పుడు పొడవుండేవి పూర్తిగా నొక్కుకున్నప్పుడూ కాస్త పొడవే ఉంటాయి. రబ్బరు బంప్ స్టాప్ తగలకముందే షాకబ్జరు అడుగుకు కొట్టుకుంటే అది పగిలిపోతుంది. అందుకే బంప్ స్టాప్‌ను కూడా తగినంత కిందికి పొడిగించాలి. దాంతోపాటు బ్రేకు పైపు, ఏబీఎస్ వైరు చక్రం పూర్తిగా వేలాడినప్పుడు కూడా బిగుసుకోకుండా అందాలి. నా లెక్కలో ఈ రెండు పనులూ చేయని షెడ్డుకు లిఫ్టు పని రానట్టే.

(బాడీకీ ఛాసిస్‌కీ మధ్య దిమ్మెలు పెట్టే బాడీ లిఫ్ట్ వేరు. అది స్ప్రింగుల జోలికి పోదు, వాటి కుదుపును పెంచదు, తగ్గించదు.)

అపోహ: టార్షన్ బార్ బోల్టు తిప్పితే పైసా ఖర్చు లేని లిఫ్టు

వాస్తవం: పాత థార్ సీఆర్‌డీఈ యజమానులకు బాగా తెలిసిన చిట్కా ఇది. ఛాసిస్ కింద ఉన్న సర్దుబాటు బోల్టును బిగిస్తే ముందు భాగం లేస్తుంది. మరుసటి రోజు నుంచి బండి గాడిదలా తంతుంది. "బార్ గట్టిపడింది" అంటారు. బార్ గట్టిపడలేదు. దాని గట్టిదనం లావు, పొడవు, ఉక్కు మీద ఆధారపడి ఉంటుంది. బోల్టు తిప్పితే అవేవీ మారవు. బోల్టు మార్చేది చక్రాన్ని పట్టుకునే ఆర్మ్ నిలబడే చోటును మాత్రమే. ఆర్మ్ కిందికి వంగి, చక్రం దాదాపు పూర్తిగా వేలాడిన స్థితికి చేరుతుంది. ఇక చిన్న గుంత వచ్చినా చక్రం అందులోకి దిగలేదు. ఆర్మ్ రబ్బరు స్టాపరుకు కొట్టుకుంటుంది, బండి ముక్కు మొత్తంగా గుంతలో పడుతుంది.

మందు కూడా అదే బోల్టులో ఉంది. చక్రం మొత్తం ప్రయాణంలో కనీసం మూడో వంతు కిందికి దిగడానికి మిగిలేలా దాన్ని వెనక్కి వదలండి. రెండు వైపులా ఎత్తు సమానంగా చూసుకుని వెంటనే అలైన్‌మెంట్ చేయించండి. అంగుళం ఎత్తు పోవచ్చు, కానీ బండిలో మనుషులు కూర్చోగలుగుతారు. ఈ బండ్లకు ఇంతకన్నా చవకైన మరమ్మతు లేదు.

అపోహ: హెవీ డ్యూటీ స్ప్రింగులే మేలు

వాస్తవం: ఎవరి బరువుకు మేలు అన్నది అసలు ప్రశ్న. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ దారుల్లో జనాన్ని మోసే కమాండర్ జీపు ఎక్కినవాళ్లకు అనుభవమే: నిండా మనుషులుంటే సాఫీగా పోయే జీపు, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు ఎగిరెగిరి పడుతుంది. స్ప్రింగు అదే, దారి అదే. మారింది బరువొక్కటే.

దీనికి చిన్న లెక్క ఉంది. బరువు పడ్డాక స్ప్రింగు ఎన్ని సెంటీమీటర్లు నొక్కుకుందో దాని వర్గమూలం తీసి, 5ను దానితో భాగిస్తే బండి సెకనుకు దాదాపు ఎన్నిసార్లు ఊగుతుందో వస్తుంది. ఒక చక్రం మీద 300 కిలోలు ఉన్నాయనుకుందాం. సెంటీమీటరుకు 25 కిలోలు మోసే స్ప్రింగైతే 12 సెంటీమీటర్లు నొక్కుకుంటుంది. ఊపు సెకనుకు 1.4 పైచిలుకు. దాని బదులు సెంటీమీటరుకు 37.5 కిలోల స్ప్రింగు వేస్తే 8 సెంటీమీటర్లే నొక్కుకుంటుంది. ఊపు దాదాపు 1.8కి చేరుతుంది. సుఖంగా ఉండే కార్లు సాధారణంగా 1 నుంచి 1.5 మధ్య ఉంటాయి. నిలువుగా వచ్చే అదురులో మన ఒంటికి ఎక్కువ బాధ కలిగించేవి సెకనుకు 4 నుంచి 8 మధ్య ఉన్నవని అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 2631 చెబుతోంది. స్ప్రింగు గట్టిపడేకొద్దీ మనం ఆ వైపుకే జరుగుతుంటాం.

లిఫ్ట్ కిట్ల స్ప్రింగులు చాలావరకు ముందు ఇనుప బంపరు, వించి, వెనక డిక్కీలో సామాను ఉంటాయన్న లెక్కతో తయారవుతాయి. అవేవీ లేని బండికి వేస్తే అనుకున్న రెండంగుళాలు మూడంగుళాలవుతాయి, కుదుపు ఉచితం. కొనేముందు మీ బండిలో ఎప్పుడూ ఉండే అదనపు బరువెంతో కిలోల్లో రాసుకుని, ఆ బరువుకు తగిన స్ప్రింగే అడగండి. ఏడాదికోసారి చేసే పెద్ద యాత్ర కోసం మిగతా రోజులన్నీ గట్టి స్ప్రింగుల మీద తిరగడం అర్థం లేని పని.

ముందు స్ప్రింగులకూ వెనక స్ప్రింగులకూ మధ్య పొత్తు కూడా ముఖ్యం. రోల్స్ రాయిస్ నుంచి అమెరికాలోని కాడిలాక్‌కు వెళ్లిన ఇంజనీరు మారిస్ ఓలీ 1930ల తొలి ఏళ్లలోనే దీన్ని పరీక్షించి చూశారు. బరువులను అటూ ఇటూ జరపగలిగే కారొకటి తయారుచేసుకుని, ముందు స్ప్రింగులు వెనకవాటికంటే మెత్తగా ఉంటే బండి తల ఊపకుండా సమంగా పోతుందని తేల్చారు. కారణం చెప్పుకుంటే తేలికే. థార్ మూడు డోర్ల బండిలో ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2450 మిల్లీమీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ముందు చక్రం ఎక్కిన గతుకును వెనక చక్రం 0.15 సెకన్ల తర్వాత ఎక్కుతుంది. ఆలస్యంగా ఊపందుకున్న వెనక భాగం కాస్త వేగంగా ఊగితేనే ముందు భాగంతో కలుస్తుంది. ముందుకు గట్టి స్ప్రింగులు వేసి వెనక అలాగే వదిలేసిన బండ్లు ముక్కు ఎగరేసుకుంటూ పోవడానికి కారణం ఇదే. పిల్లల వాంతులకు చాలాసార్లు ఈ ఊపే మూలం.

అపోహ: ఖరీదైన షాకబ్జర్లు వేస్తే అన్నీ సర్దుకుంటాయి

వాస్తవం: బండి బరువును మోసేది స్ప్రింగు. షాకబ్జరు పని ఆ స్ప్రింగు ఊపును ఆపడం. లోపల నూనెను సన్నని దారుల గుండా నెట్టి ఊపును వేడిగా మారుస్తుంది. గ్యాసు నింపిన రకాలు కొద్దిపాటి తోపు ఇస్తాయంతే. కాబట్టి తప్పు స్ప్రింగు మీద మంచి షాకబ్జరు వేసినా ఫలితం తక్కువే.

పక్కన డబ్బా వేలాడే రిజర్వాయరు షాకబ్జర్లంటే కుర్రవాళ్లకు మోజు. ఆ డబ్బా అదనపు నూనెకూ, గ్యాసుకూ, వేడి తట్టుకోవడానికీ. గంటల తరబడి గరుకు దారిలో వేగంగా తోలేవాళ్లకు అది నిజంగా అవసరం. హైదరాబాద్‌లో ఆఫీసుకు వెళ్లి, నెలకోసారి వికారాబాద్ అడవి దారిలో తిరిగొచ్చేవాళ్లకు దానివల్ల సుఖం పెరగదు.

షాకబ్జరు ఎంత గట్టిదైతే అంత మంచిదన్నది ఇంకో భ్రమ. తిరిగి సాగేటప్పుడు మరీ బిగువుగా ఉంటే ఏమవుతుందో పాడేరు దగ్గర వంజంగి కొండకు ఎక్కే రాళ్ల దారి లాంటి చోట తెలుస్తుంది. మొదటి రాయికి చక్రం పైకి వెళ్తుంది. మళ్లీ కిందికి రాకముందే రెండో రాయి తగులుతుంది, తర్వాత మూడోది. బండి ఒక్కో దెబ్బకూ కాస్త కాస్త కూరుకుపోయి, చివరికి బంప్ స్టాప్‌ల మీద పరుగెడుతుంది. డ్రైవరుకు స్ప్రింగులు గట్టిగా ఉన్నట్టు అనిపిస్తుంది, నిజానికి స్ప్రింగులకు తిరిగి లేచే సమయమే దొరకడం లేదు. సర్దుబాటు మర ఉన్న షాకబ్జర్లైతే అన్నిటికన్నా మెత్తని గుర్తు దగ్గర మొదలుపెట్టి, బండి ఊపు ఒకసారికే ఆగేదాకా ఒక్కో గుర్తు పెంచుకుంటూ పోవాలి. చాలామంది గట్టి వైపు నుంచి మొదలుపెడతారు, అక్కడే ఆగిపోతారు.

స్పీడ్ బ్రేకర్ల గురించి ఒక మాట. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో దాటేందుకు. ఊళ్లలో రాత్రికి రాత్రి సిమెంటుతో కట్టే నిటారు దిమ్మెలకు ఏ షాకబ్జరూ జవాబు కాదు. అక్కడ వేగం తగ్గించాల్సిందే.

అపోహ: కమాన్ పట్టీల బండికి ఒక పట్టీ పీకేస్తే మెత్తబడుతుంది

వాస్తవం: జిప్సీ వాళ్ల మధ్య తరాలుగా తిరుగుతున్న మాట. పట్టీ తీస్తే కొంత మెత్తబడుతుంది, నిజమే. కానీ బండి కిందికి కూర్చుంటుంది, మిగిలిన పట్టీల మీద భారం పెరుగుతుంది, బ్రేకు వేసినప్పుడు ఇరుసు మెలిపడుతుంది. పైగా చిన్న చిన్న గతుకుల్లో వచ్చే గరగర కుదుపుకు కారణం పట్టీల సంఖ్య కాదు, వాటి మధ్య రాపిడి. తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కున్న కట్ట చిన్న దెబ్బకు కదలనే కదలదు. మొత్తం కట్ట ఇనుప దూలంలా ఛాసిస్‌కు దెబ్బను అందిస్తుంది. కట్ట విప్పించి, తుప్పు గీకించి, పట్టీల చివర్ల మధ్య ప్లాస్టిక్ లైనర్లు వేయిస్తే అదే బండి వేరే బండిలా నడుస్తుంది.

ఇక బుష్షుల దగ్గర జరిగే తప్పు. ఏ షెడ్డుకు వెళ్లినా కనిపించేదే: బండి జాకీల మీద ఉంటుంది, చక్రాలు గాల్లో వేలాడుతుంటాయి, కుర్రవాడు పట్టీ చివరి బోల్టును పానాతో బలమంతా పెట్టి బిగించేస్తాడు. లోపల రబ్బరు బుష్షు ఆ వేలాడే స్థితిలోనే బంధించబడింది. బండిని కిందికి దించగానే రబ్బరు మెలితిరుగుతుంది, ఇక ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది. అది అదనపు స్ప్రింగులా పనిచేసి బండిని గట్టిపరుస్తుంది, తర్వాత చిరిగిపోతుంది. కాయిల్ స్ప్రింగు బండ్ల ఆర్ములకూ ఇదే వర్తిస్తుంది. బోల్టులు వదులుగా వేసి, బండిని చక్రాల మీదికి దించి, ముందుకూ వెనక్కూ కాస్త దొర్లించి, అప్పుడు చివరి బిగింపు బిగించాలి. లిఫ్టు వేయించి వారమైనా దాటని బండి కొడుతుంటే, ఏదైనా కొనేముందు రబ్బరు బుష్షుల బోల్టులన్నీ వదులుచేసి నేల మీద మళ్లీ బిగించమనండి. అరపూట పని. చాలా బండ్లకు అక్కడితోనే జబ్బు సగం నయమవుతుంది.

రబ్బరు తీసేసి పాలీయురేథేన్ బుష్షులు వేస్తే సుఖం పెరుగుతుందనేవాళ్లూ ఉన్నారు. పెరగదు. అవి ఎక్కువ కాలం రావచ్చు, స్టీరింగు పట్టు బిగుసుకోవచ్చు. అదురు, చప్పుడు మాత్రం ఎక్కువగా లోపలికి వస్తాయి. ఇంట్లోవాళ్లను తిప్పే బండికి రబ్బరే మేలు.

అపోహ: పెద్ద టైరుకు గాలి కూడా ఎక్కువే కావాలి

వాస్తవం: కుదుపుకు మొదటి స్ప్రింగు టైరే. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీలో కంపెనీ చెప్పిన గాలి ఉంటుంది. టైరు పక్కన అచ్చువేసి ఉండేది గరిష్ఠ పరిమితి; అంత కొట్టించమని కాదు. ట్రక్కు తరగతికి చెందిన "లోడ్ రేంజ్ E" టైర్ల మీద 80 పీఎస్ఐ అని కూడా ఉంటుంది. ఆ టైరు గోడలు బరువైన బండ్ల కోసం చేసినవి. పన్నెండు వందల కిలోల జిమ్నీ లాంటి తేలికపాటి బండికి వేస్తే గోడలు వంగనే వంగవు, ఆ కుదుపును ఏ స్ప్రింగూ పోగొట్టలేదు. పైగా టైరూ రిమ్మూ బరువెక్కేకొద్దీ చక్రం గతుకును వదిలి తిరిగి నేలకు రావడం ఆలస్యమవుతుంది. బండికి చాలిన లోడ్ రేటింగు, ఉన్నంతలో తేలికైన టైరు చూసుకోవాలి.

బంకులో అడక్కపోతే 35 కొట్టేస్తారు. 26 చాలిన చోట 35 కొడితే గాలి మూడో వంతుకు పైగా ఎక్కువైనట్టు. సైజు మారిన టైరుకు సరైన గాలి తెలుసుకోవడానికి సుద్దముక్క చాలు. టైరు నేలకు తగిలే భాగం మీద అడ్డంగా లావుగా గీత గీసి, తారు రోడ్డు మీద నేరుగా కొంత దూరం తోలి చూడండి. మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లో మాత్రమే చెరిగితే తక్కువ. ఒకేలా చెరిగేదాకా ఒకటి రెండు పీఎస్ఐలు మారుస్తూ రండి, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవండి. చీటీలో ఉన్నదానికి బాగా తక్కువకు మాత్రం పోవద్దు. ఇసుకలో, రాళ్లలో 18 దాకా దించి తోలేవాళ్లు తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ నింపి తీరాలి. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి పేలుతుంది.

అపోహ: వేగంలో వచ్చే అదురంతా టైరు బ్యాలెన్సింగే

వాస్తవం: ఎత్తు పెరిగితే ప్రొపెల్లర్ షాఫ్టు వాలు మారుతుంది, దాని రెండు చివర్ల క్రాసుల కోణాలు సమానంగా లేకపోతే సీటు కింద అదురు పుడుతుంది. రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా పోని అదురుకు అటువైపు చూడాలి. జిమ్నీ లాంటి గట్టి ఇరుసు బండ్లలో లిఫ్టు వల్ల ముందు ఇరుసు కాస్త తిరిగి క్యాస్టర్ కోణం తగ్గుతుంది. స్టీరింగు తనంతట తాను నేరుగా రాదు, డ్రైవరు నిరంతరం సర్దుతూనే ఉంటాడు. దానికి క్యాస్టర్ బుష్షులు వేయాలి.

చట్టం సంగతి కూడా తెలుసుకుని దిగండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్నే గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగితే బీమా దగ్గర ఇదే పెద్ద చిక్కవుతుంది.

ఇప్పటికే ఎత్తు పెంచుకున్నవాళ్లు ఈ వరుస పాటించండి: ముందు గాలి, తర్వాత బుష్షుల బోల్టులు, ఆపైన టేపుతో చక్రాల చోటు కొలత. ఈ మూడింటికీ కలిపి ఒక ఆదివారం పడుతుంది. ఆ కొలతలు కాగితం మీద రాసుకున్నాకే స్ప్రింగులో షాకబ్జర్లో కొనడానికి షాపుకు వెళ్లండి. అమ్మేవాళ్లను మూడు ప్రశ్నలు అడగండి: ఈ స్ప్రింగు ఎన్ని కిలోల అదనపు బరువుకు చేసింది? ఈ షాకబ్జరు పూర్తిగా సాగితే ఎంత, నొక్కుకుంటే ఎంత? బంప్ స్టాప్‌ను ఎంత పొడిగించాలి? వీటికి అంకెల్లో జవాబు చెప్పలేని చోట డబ్బు కట్టకండి.